ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థులు అడిగినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. పాత సంచికలు తిరగేస్తే సగం వ్యాసాలు అవే. నీళ్ళ పప్పు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? పైగా మొన్న ఆగస్టు 15న జెండా వందనానికి హాస్టల్‌కి వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు నన్ను పక్కకి పిలిచి, "అన్నా, మీరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటున్నారు కదా, రోజంతా బటన్లు నొక్కుతూ కూర్చుంటారా?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను గానీ, వాడికి సరైన జవాబు చెప్పలేదని బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అనిపించింది. ఇది ఆ జవాబు.

బటన్లు నొక్కేది నిజమే. అయితే మనం నొక్కం, మనం రాసిన ఇంకో ప్రోగ్రాం నొక్కుతుంది. దాన్నే ఆటోమేటెడ్ టెస్ట్ అంటారు. ప్రోగ్రాంని తెరువు, పేరు టైపు చెయ్యి, సేవ్ బటన్ నొక్కు, పేరు సేవ్ అయిందో లేదో చూడు, అయితే పాస్, కాకపోతే ఫెయిల్. ఇలాంటివి వందలు రాసి పెడతాం. ఎవరైనా కోడ్‌లో ఒక్క లైను మార్చినా ఇవన్నీ ఒకసారి నడుస్తాయి. అన్నీ పాసైతే తెర మీద పచ్చరంగు, ఒక్కటి పోయినా ఎరుపు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కెక్కడంటే, కొన్ని టెస్టులు ఒకసారి పాసవుతాయి, ఇంకోసారి ఫెయిలవుతాయి. కోడ్ అదే, కంప్యూటర్ అదే, ఎవరూ ఏమీ మార్చలేదు. పొద్దున్న పచ్చ, మధ్యాహ్నం ఎరుపు. ఇంగ్లీషులో వీటిని ఫ్లేకీ టెస్టులంటారు. మనం నిలకడ లేని టెస్టులు అనుకుందాం.

2014లో నేను చేరిన కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మేం తయారు చేసేది రక్తపరీక్షల ల్యాబుల్లో రిపోర్టులు టైపు చేసి ప్రింటు తీసే డెస్క్‌టాప్ ప్రోగ్రాం. సి ప్లస్ ప్లస్‌లో, క్యూట్ అనే లైబ్రరీ వాడి రాసింది. ల్యాబుల్లో విండోస్ మీద నడిచేది, మా టెస్టులు మాత్రం లినక్స్ మెషిన్ల మీద నడిచేవి. మొత్తం నాలుగు వందల టెస్టులు. నేను చేరిన మొదటి వారమే ఎరుపు వచ్చింది. భయపడుతూ సీనియర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన తల కూడా తిప్పకుండా "మళ్ళీ రన్ కొట్టు, పోతుంది" అన్నాడు. కొట్టాను, పోయింది. ఆ మాటే ఏడాది పాటు నా ఉద్యోగం అయిపోయింది.

ఇక్కడ తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి ఒక లెక్క. ఒక్కో టెస్టు 200 సార్లలో ఒక్కసారే ఊరికే ఫెయిలవుతుందనుకోండి. అంటే పాసయ్యే అవకాశం 0.995. చాలా మంచి మార్కులే. కానీ అలాంటివి 400 ఉంటే, అన్నీ ఒకేసారి పాసవ్వాలంటే 0.995ని 400 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.13. అంటే వందసార్లు నడిపితే పచ్చ వచ్చేది పదమూడు సార్లే. మిగతా ఎనభై ఏడు సార్లు ఎరుపే, తప్పు ఎవరిదీ కాకుండానే. అప్పుడు మనుషులు ఎరుపుని చూడటం మానేస్తారు. ఇది మా ఒక్కరి సంగతి కాదు. గూగుల్ వాళ్ళు 2016లో తమ సంగతి చెప్పుకున్నారు: వాళ్ళ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉందట. పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం నిలకడ లేని టెస్టులతో ముడిపడినవేనట.

గంట కొట్టాక వెళ్ళాలి

నిలకడ తప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, పెద్ద కారణం ఒకటే, ఎదురు చూడటం చేతకాకపోవడం. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక పరిశోధన చేశారు. అపాచీ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టుల్ని సరిచేసిన మార్పులు 201 తీసి చూశారు. కారణం తేల్చగలిగిన వాటిలో 45 శాతం ఇదే.

మన హాస్టల్ మెస్సుతో చెబుతాను. రాత్రి భోజనం ఎనిమిదింటికి అని బోర్డు మీద రాసి ఉంటుంది. గడియారం చూసుకుని ఎనిమిదింటికి కంచం పట్టుకుని వెళ్ళేవాడు ఒకడు. కామాటి గంట కొట్టాక వెళ్ళేవాడు ఇంకొకడు. కట్టెలు ఎండుగా ఉన్న రోజు ఇద్దరికీ అన్నం దొరుకుతుంది. వానాకాలం, కట్టెలు తడిశాయి, అన్నం ఎనిమిదింబావుకి అవుతుంది. మొదటివాడు ఖాళీ కంచంతో తిరిగొచ్చి "ఇవాళ అన్నం లేదు" అని ప్రచారం చేస్తాడు. నిలకడ లేని టెస్టు వీడే.

మా టెస్టుల్లో ఉన్నది అదే. సేవ్ నొక్కు, రెండు సెకన్లు ఆగు, ఫలితం చూడు. ఎవరి కంప్యూటర్ మీదైనా రెండు సెకన్లు బోలెడంత. కానీ బిల్డ్ మెషిన్ మీద అదే సమయంలో ఇంకో నాలుగు పనులు నడుస్తుంటే చాలదు. దీనికి నేను కనిపెట్టిన గొప్ప మందు, రెండు సెకన్లని ఐదు చెయ్యడం. నూట యాభై టెస్టుల్లో ఐదేసి సెకన్లు పెట్టాను. ఏమీ చెయ్యకుండా నిద్రపోవడానికే పన్నెండున్నర నిమిషాలు ఖర్చు. ఎరుపులు కాస్త తగ్గాయి, పోలేదు.

ఎందుకు పోలేదో తెలిసేసరికి సిగ్గేసింది. డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో కిటికీలు గీయడం, బటన్ నొక్కితే స్పందించడం, ఇవన్నీ ఒకే దారంలో, అంటే ఒకే థ్రెడ్‌లో, ఒక దాని తర్వాత ఒకటి జరుగుతాయి. దాన్ని ఈవెంట్ లూప్ అంటారు. మా టెస్టులు కూడా అదే థ్రెడ్‌లో నడిచేవి. నేను "నిద్రపో" అని రాసినప్పుడు టెస్టుతో పాటు ఆ లూప్ కూడా నిద్రపోయేది. వంటమనిషిని కూడా పడుకోబెట్టి, అన్నం ఉడకలేదేమిటా అని ఎదురు చూడటం అన్నమాట! క్యూట్‌లో క్యూస్లీప్, క్యూవెయిట్ అని రెండున్నాయి. మొదటిది నిజంగానే నిద్రపుచ్చుతుంది. రెండోది ఎదురు చూస్తూనే పనులు జరగనిస్తుంది. ఆ తేడా నాకు ఏడాది తర్వాత తెలిసింది, అదీ మాన్యువల్‌లో ఒక పేజీ చదివితే. చేరిన రోజే చదవాల్సిన పేజీ.

అసలు మందు గంట కోసం ఆగడం. "రెండు సెకన్లు ఆగు" అని కాక, "సేవ్ అయిందన్న సంకేతం వచ్చేదాకా ఆగు, కానీ ఐదు సెకన్లకి మించకు" అని రాయాలి. గంట కొట్టగానే వెళ్ళిపోతాం, కాబట్టి సాధారణంగా పదో వంతు సెకనులో పని అయిపోతుంది. ఆ గరిష్ఠ గడువు ఎందుకంటే, రాత్రి తొమ్మిదైనా గంట కొట్టకపోతే వార్డెన్ గారికి చెప్పాలిగా, తెల్లారేదాకా కూర్చోం. క్యూట్‌లో దీనికి క్యూ ట్రై కంపేర్ అనే ఏర్పాటు సిద్ధంగానే ఉంది, దాని మామూలు గడువు కూడా ఐదు సెకన్లే. నూట యాభై చోట్లా మార్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. పన్నెండున్నర నిమిషాల నిద్ర అరనిమిషానికి దిగింది.

రాత్రి పూట మాత్రమే వచ్చే ఎరుపు

ఒక టెస్టు ఉండేది, "ఈ రోజు రిపోర్టుల జాబితా" అని. పగలు ఎన్నిసార్లు నడిపినా పాస్. రాత్రి రెండు గంటలకి ఆటోమేటిక్‌గా నడిచే బిల్డ్‌లో మాత్రం రోజూ ఫెయిల్. రాత్రి నెట్‌వర్క్ బాగుండదని, బ్యాకప్ నడుస్తుంటుందని రకరకాల కథలు చెప్పుకునేవాళ్ళం. ఒకరోజు ఫెయిలైన సమయాలన్నీ కాగితం మీద రాశాను. ఎవరెవరు రాత్రిళ్ళు ఉండి నడిపారో అవి కూడా. అన్నీ రాత్రి 12కి, తెల్లవారి 5.30కి మధ్యలోనే ఉన్నాయి. ఐదున్నర అన్న అంకె చూడగానే వెలిగింది. భారత కాలమానం గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి రెండైతే అక్కడి లెక్కలో ఇంకా నిన్నటి రాత్రి ఎనిమిదిన్నరే. ప్రోగ్రాం రిపోర్టు తేదీని ఆ అంతర్జాతీయ లెక్కలో రాస్తోంది, టెస్టు మన గడియారం చూస్తోంది.

గమనించారా, ఇక్కడ టెస్టు తప్పు లేదు. తప్పు ప్రోగ్రాందే. రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ అర్ధరాత్రి ఒంటిగంటకి రిపోర్టు తీస్తే దాని మీద నిన్నటి తేదీ పడుతోంది. ఆ టెస్టు రోజూ రాత్రి అదే మొత్తుకుంటోంది, మేమేమో నెట్‌వర్క్‌ని తిట్టుకుంటున్నాం. తేదీ సరిచేశాక, టెస్టుకి కూడా రాత్రి కోసం కాచుకోనక్కర్లేకుండా చేశాం. ప్రోగ్రాం సమయాన్ని నేరుగా కంప్యూటర్ని అడగకుండా, మేమిచ్చే గడియారాన్ని అడిగేలా మార్చాం. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా "ఇప్పుడు రాత్రి 1.15" అని చెప్పి పరీక్షించొచ్చు.

ఇంకోటి తెలుగు గురించి. ల్యాబు పేరు, చిరునామా తెలుగులో కూడా పైన వేసుకునే వీలుండేది. దాని టెస్టు నాలుగు సార్లలో రెండు సార్లు పోయేది. మా దగ్గర రెండు బిల్డ్ మెషిన్లుండేవి, పని ఏది ఖాళీగా ఉంటే దానికి వెళ్ళేది. ఒకదాంట్లో లోహిత్ తెలుగు ఫాంటు ఉంది, రెండోదాంట్లో తెలుగు ఫాంటే లేదు. ఫాంటు లేనిచోట అక్షరాల బదులు డబ్బాలు పడి, వెడల్పులు మారి, ఒక పేజీ రిపోర్టు రెండో పేజీలోకి జారేది. విండోస్ ఎక్స్‌పీ నుంచే గౌతమి ఫాంటు వచ్చేది కాబట్టి ల్యాబుల్లో ఈ బాధ ఉండేది కాదు. ఫాంటు ఫైలుని టెస్టులతో పాటే పెట్టేశాం, అరగంట పని. రెండు మెషిన్లు ఒకలాగే ఉంటాయని నమ్మి నెలలు పోగొట్టుకున్నాం.

మిగతావి గబగబా చెబుతాను. ఒక టెస్టు సెట్టింగులు మార్చి తిరిగి పెట్టకుండా పోతుంది, తర్వాతది దెబ్బతింటుంది. ప్రతి టెస్టుకీ విడిగా ఖాళీ ఫోల్డర్ ఇవ్వాలి, అప్పుడప్పుడు వరస కలిపేసి నడపాలి. విండోస్ మెషిన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి, పని చూసుకుని కిటికీ మూసేస్తే అక్కడి తెర తాళం పడుతుంది, మౌస్ కదిపే టెస్టులన్నీ ఒకేసారి కూలతాయి. లినక్స్‌లో ఎక్స్‌విఎఫ్‌బి అనే ఉత్తుత్తి తెర మీద నడిపితే తాళం గొడవ లేదు గానీ, విండో మేనేజర్ కూడా పెట్టకపోతే కీబోర్డు ఫోకస్ ఏ కిటికీకి వెళ్తుందో దేవుడికే తెలియాలి.

ఆ ఫోన్

ఇప్పుడు అసలు సంగతి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

రిపోర్టు ప్రింటు ప్రివ్యూ తెరిచి మూసే టెస్టు ఒకటుండేది. దాదాపు ఇరవైసార్లకి ఒకసారి పోయేది. పోయినప్పుడు "ఫలితం తప్పు" అని కాదు, టెస్టు నడుస్తున్న ప్రోగ్రామే చచ్చిపోయేది. లాగ్‌లో "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని ఒక్క లైను. నాకు దాని అర్థం అప్పటికి సరిగ్గా తెలియదు. మీటింగులో అడుగుదామంటే నా ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి ఈ సంగతి వివరించక్కర్లేదు. విడుదల తేదీ దగ్గర పడుతోంది. మెషిన్ సమస్య అయి ఉంటుందని ఆ టెస్టుని వదిలెయ్యాల్సిన జాబితాలో చేర్చాను. చేర్చింది నేనే, ఎవరూ చెప్పలేదు. తెర పచ్చగా అయింది, అందరూ సంతోషించారు.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం సపోర్టు వాళ్ళు ఒక ఫోన్ నాకు కలిపారు. చిన్న ఊళ్ళో ల్యాబు, టెక్నీషియన్ ఆవిడ మాట్లాడుతోంది. "సార్, ప్రివ్యూ మూస్తే మొత్తం ప్రోగ్రామే ఎగిరిపోయింది. పొద్దుటి నుంచి కొట్టినవి ముప్పై ఒక్కమందివి పోయినయ్. బయట పేషెంట్లు కూర్చున్నారు. కొందరు ఆఖరి బస్సుకి పోవాలంటున్నారు. ఏం చెప్పమంటారు సార్ వాళ్ళకి?" ప్రింటు తీసేదాకా మా ప్రోగ్రాం రిపోర్టుల్ని డిస్కులో భద్రపరిచేది కాదు. ఆవిడ ఆ రాత్రి రిజిస్టర్ చూసుకుంటూ ముప్పై ఒక్కటీ మళ్ళీ కొట్టింది. నేను "సారీ మేడమ్, చూస్తాం" అన్నాను. ప్రివ్యూ మూయడం అన్న మాట వినగానే ఆ జాబితా కళ్ళ ముందు కనబడింది. మా మామూలు మాట ఆవిడకి చెప్పడానికి లేదు. మళ్ళీ రన్ కొట్టడానికి ఆవిడ దగ్గర ఇంకో రోజు లేదు.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆ టెస్టుని ఆపింది నేనేనని తెలుగులోనే చెప్పాను. ఆయన తిట్టలేదు. "వారం రోజులు ఇదొక్కటే చూడు" అన్నాడు.

14వ నంబరు మంచం

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పుని పట్టుకోవాలంటే ముందు దాన్ని మన ఇష్టప్రకారం రప్పించగలగాలి. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ థెరాక్-25. కాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే కెనడా యంత్రం అది. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకి ఎన్నో రెట్లు మించి రేడియేషన్ కొట్టింది. టెక్సాస్‌లోని టైలర్ అనే ఊళ్ళో 1986 మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి జరిగాయి, ఆ ఇద్దరూ చనిపోయారు. తెర మీద వచ్చింది "మాల్‌ఫంక్షన్ 54" అన్న మాట మాత్రమే. మొదటి ప్రమాదం తర్వాత కంపెనీ వాళ్ళు వచ్చి చూశారు, వాళ్ళకి ఆ తప్పు రాలేదు. రెండోది జరిగాక ఆ ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, యంత్రం నడిపే ఆపరేటర్ ఇద్దరూ కూర్చుని ఆ రోజు ఏం చేశారో అలాగే మళ్ళీ మళ్ళీ చేశారు. చివరికి కిటుకు దొరికింది: వేగం. ఎక్స్-రే అని తప్పుగా కొట్టి, పైకి వెళ్ళి ఎలక్ట్రాన్ అని దిద్ది, ఎనిమిది సెకన్లలోపు ముగిస్తే, లోపల అయస్కాంతాలు సర్దుకుంటున్న సమయంలో ఆ దిద్దుబాటుని ప్రోగ్రాం గమనించేది కాదు. కొత్తవాళ్ళు మెల్లగా కొడతారు కాబట్టి వాళ్ళకి ఆ తప్పు రాదు. చెయ్యి తిరిగిన ఆపరేటర్‌కే వస్తుంది. ఇలా రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందన్న దాని మీద ఆధారపడే తప్పుని రేస్ కండిషన్ అంటారు.

నేను కూడా అదే పని చేశాను. మా టెస్టుని 200 సార్లు నడిపాను, పదిసార్లు చచ్చింది. ఒకేసారి నాలుగు కాపీలు నడిపి మెషిన్ మీద భారం పెంచితే మూడింట ఒకటి చచ్చింది. అంటే వేగానికి సంబంధం ఉంది. చచ్చినప్పుడు ప్రోగ్రాం జ్ఞాపకం మొత్తాన్ని ఒక ఫైలులో దాచమని చెప్పొచ్చు, దాన్ని కోర్ డంప్ అంటారు. అందులో చచ్చే క్షణానికి ఏ ఫంక్షన్‌ని ఏ ఫంక్షన్ పిలిచిందో వరసగా ఉంటుంది. చూస్తే, ప్రివ్యూ పేజీలు తయారు చేసే ఇంకో థ్రెడ్ "60 శాతం అయింది" అని ప్రివ్యూ కిటికీకి చెప్పబోతోంది. ఆ కిటికీని మనిషి అప్పటికే మూసేశాడు.

మూసేస్తే ఏమవుతుంది? 14వ నంబరు మంచం ఖాళీ చేసి వెళ్ళిపోయిన కుర్రాడికి "14వ మంచం" అని చిరునామా రాసి ఉత్తరం పంపడం లాంటిది. ఆ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే ఉత్తరం అక్కడే పడి ఉంటుంది, గొడవ లేదు. అందుకే ఇరవైలో పందొమ్మిది సార్లు ఏమీ కాదు. కొత్త కుర్రాడు చేరి ఉంటే మాత్రం వాడు ఇంకొకరి ఉత్తరం విప్పుతాడు. కంప్యూటర్ జ్ఞాపకంలో విడిచిపెట్టిన చోటు అలాగే ఇంకొకరికి కేటాయింపు అవుతుంది. అక్కడ రాస్తే ఒక్కోసారి ప్రోగ్రాం చస్తుంది. ఒక్కోసారి చావకుండా, ఇంకెవరి అంకెలో మారిపోతాయి. ల్యాబు రిపోర్టులో అంకెలు మారడం కంటే చావడమే నయం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

దీన్ని పట్టడానికి అడ్రస్ శానిటైజర్ అనే ఉచిత సాధనం ఉంది. గూగుల్ వాళ్ళు తయారు చేసి 2012లో వివరంగా ప్రచురించారు. 2013 నుంచి జిసిసి కంపైలర్‌లోనే వస్తోంది. అది ఏం చేస్తుందంటే, ఖాళీ అయిన మంచాన్ని వెంటనే ఇంకొకరికి ఇవ్వదు. కొంతకాలం సీలు వేసి ఉంచుతుంది. ఎవరు ముట్టుకున్నా అక్కడికక్కడే ప్రోగ్రాంని ఆపి మూడు వివరాలు చెబుతుంది: ఇప్పుడు ముట్టుకున్నదెవరు, ఖాళీ చేసిందెవరు, మొదట తీసుకున్నదెవరు. ప్రోగ్రాం రెండింతలు నెమ్మదిస్తుంది, టెస్టులకి అది పెద్ద నష్టం కాదు. దాంతో నడిపిన పూట ఆ మూడు వివరాలూ వచ్చేశాయి. ఏడాదిన్నరగా మెషిన్ని తిట్టుకున్న తప్పు!

సరిచెయ్యడం మాత్రం మొదటిసారికి కాలేదు. ముందు "కిటికీ చిరునామా సున్నా కాకపోతేనే చెప్పు" అని ఒక లైను రాశాను. మంచం ఖాళీ అయినంత మాత్రాన మన జేబులోని చీటీ మీద 14 అన్న అంకె చెరిగిపోదు కదా, కాబట్టి అది ఉపయోగం లేదు. తర్వాత క్యూ పాయింటర్ వాడాను. కిటికీ పోగానే ఆ చీటీ దానంతటదే ఖాళీ అవుతుంది. ఎరుపు బాగా తగ్గింది, కానీ పోలేదు. ఎందుకంటే వేరే థ్రెడ్ చీటీ చూసి "ఉన్నాడు" అనుకుని అడుగు వేసేలోపు ఈ థ్రెడ్ కిటికీని మూసెయ్యొచ్చు. చూడటానికి, చెప్పడానికి మధ్య సందు అలాగే ఉంది. సందు చిన్నదైతే తప్పు పోదు, అరుదవుతుంది. అరుదైన తప్పుని పట్టుకోవడం ఇంకా కష్టం.

చివరికి చేసింది ఇది. పేజీలు తయారు చేసే థ్రెడ్ కిటికీని అసలు ముట్టుకోకూడదు. ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేసినట్టు సంకేతం మాత్రం పంపాలి, కిటికీ ఉన్న థ్రెడ్ తన వీలు చూసుకుని చదువుకుంటుంది. కిటికీ అప్పటికే పోయి ఉంటే దాని పేరు మీద పెట్టెలో ఉన్న చీటీల్ని క్యూటే తీసి పారేస్తుంది. పైగా ప్రివ్యూ మూసేటప్పుడు ఆ పని చేసే థ్రెడ్‌కి "ఆపు" అని చెప్పి, అది ఆగాకే అది వాడుకునే కాగితాలు సర్దుకోవాలి. మారిన లైన్లు ముప్పై దాటవు. వాటితో పాటు, కొట్టిన రిపోర్టుని ప్రతి నిమిషం డిస్కులో దాచే ఏర్పాటు కూడా చేయించాం. ప్రోగ్రాం ఇంకెప్పుడైనా ఇంకెందుకైనా చస్తే ఒక నిమిషం పనే పోతుంది, రోజంతా కాదు. నిజానికి ఆవిడకి ముందు కావలసింది అదే.

సరయిందని ఎలా నమ్మాలి? ఇరవైకి ఒకసారి వచ్చే తప్పుని సరిచేశామని ఇరవైసార్లు నడిపి చూసి సంబరపడకూడదు. 0.95ని ఇరవైసార్లు గుణిస్తే 0.36. అంటే మనం ఏమీ మార్చకపోయినా వందకి ముప్పై ఆరు సార్లు అదృష్టవశాత్తూ ఇరవైకి ఇరవై పాసవుతాయి. అరవైసార్లు నడిపితే ఆ అదృష్టం ఐదు శాతం లోపుకి దిగుతుంది. నేను భారం పెంచిన మెషిన్ మీద వెయ్యిసార్లు నడిపాను. అనుమానం ఉన్న చోట కావాలనే అర సెకను నిద్ర పెట్టి కూడా నడిపాను. పాత కోడ్‌లో అలా పెడితే ప్రతిసారీ చచ్చేది, కొత్త కోడ్‌లో ఒక్కసారి కూడా చావలేదు. ఏడాది పాటు తప్పుగా వాడిన నిద్ర చివరికి ఇలా పనికొచ్చింది.

తర్వాత ఆ వదిలెయ్యాల్సిన జాబితాని మేం పూర్తిగా తీసెయ్యలేదు. తీసేస్తే మళ్ళీ ఎరుపుని ఎవరూ చూడరు. కానీ అందులో చేర్చాలంటే చేర్చినవాళ్ళ పేరు, తేదీ, రెండు వారాల గడువు రాయాలి. ప్రోగ్రాం చచ్చే టెస్టుని మాత్రం చేర్చడానికి వీల్లేదు. "మళ్ళీ రన్" బటన్ అలాగే ఉంది గానీ, ఎవరు ఎన్నిసార్లు నొక్కారో శుక్రవారం అందరికీ కనబడుతుంది. నా పేరు ఇప్పటికీ అప్పుడప్పుడు పైనే ఉంటుంది.

ఇప్పుడు ఇంకా మంచి సాధనాలు వచ్చాయి. థ్రెడ్ల మధ్య పోటీని నేరుగా పట్టే థ్రెడ్ శానిటైజర్ ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారు చేసే మొజిల్లా వాళ్ళు 2014లో ఆర్ ఆర్ అనే దాన్ని విడుదల చేశారు. లినక్స్ మీద ప్రోగ్రాం నడిచిన తీరంతా రికార్డు చేసి, చచ్చిన ఆ ఒక్కసారిని ఎన్నిసార్లైనా అచ్చం అలాగే తిరిగి నడిపి చూపిస్తుంది. 2016లో దానికి థ్రెడ్ల వరసని కావాలని అల్లకల్లోలం చేసే పద్ధతి కూడా కలిపారు. అన్నీ ఉచితమే.

బటన్లు నొక్కుతారా అని అడిగిన తమ్ముడూ, నీకొక పని. హాస్టల్ కంప్యూటర్ పాతదైనా పర్వాలేదు, రెండు కోర్లుంటే చాలు. సి ప్లస్ ప్లస్‌లో ఒక అంకె పెట్టు, సున్నాతో మొదలు. రెండు థ్రెడ్లు చెయ్యి, ఒక్కోటీ ఆ అంకెకి ఒకటి చొప్పున కోటిసార్లు కలపాలి. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి నడుపు. రావలసింది రెండు కోట్లు. పదిసార్లు నడిపి, ఎంతెంత వచ్చిందో నోట్‌బుక్‌లో వరసగా రాయి. వార్షికోత్సవానికి వస్తాను కదా, ఆ పేజీ చూపించు. ఎందుకలా వచ్చిందో నువ్వు చెప్పాకే నేను చెబుతాను.